గైనకాలజిస్టు దగ్గరికి మొదటిసారి వెళ్తున్న అమ్మాయికి

రేపు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్దామని అమ్మ అన్న రాత్రి చాలామంది అమ్మాయిలకు నిద్ర పట్టదు. బల్ల మీద పడుకోబెడతారేమో, బట్టలన్నీ తీయమంటారేమో, లోపల ఏదో పరికరం పెట్టి చూస్తారేమో అని ఒకటే గుబులు. ఆ గుబులుకు జవాబు ముందే చెప్పేస్తాను. నీ వయసులో మొదటిసారి వెళ్లినప్పుడు ఎక్కువగా జరిగేది మాటలే. డాక్టరు అడుగుతారు, నువ్వు చెబుతావు. బరువు, ఎత్తు, రక్తపోటు చూస్తారు. లోపలి పరీక్ష అవసరం చాలా అరుదుగా వస్తుంది. వచ్చినా ఎందుకో వివరించి, నువ్వు సరేనన్న తర్వాతే చేయాలి.

నేను నీ వయసులో వెళ్లినప్పుడు డాక్టరు అడిగిన ప్రతి ప్రశ్నకూ మా అమ్మే జవాబు చెప్పింది. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. నెలసరి ఎన్ని రోజులు ఉంటుందని అడిగితే "నాలుగైదు రోజులండీ" అంది అమ్మ. నిజానికి తొమ్మిదో రోజు దాకా అవుతూనే ఉండేది. ఆ సంగతి అమ్మకు తెలియదు, నేను నోరు విప్పలేదు. నాకు రక్తహీనత ఉందని తేలడానికి ఆ తర్వాత ఇంకో ఏడాది పట్టింది. నీకు అలా జరగకూడదు. అందుకే ఇందులో ఎక్కువ భాగం నువ్వు ఏం చెప్పాలి, దానికి ఎలా సిద్ధపడాలి అన్నదాని గురించే రాస్తున్నాను.

ఎప్పుడు వెళ్లాలి

ఏ ఇబ్బందీ లేకపోయినా 13 నుంచి 15 ఏళ్ల మధ్య ఒకసారి వెళ్లి మాట్లాడి రావడం మంచిదని అమెరికాలోని ప్రసూతి, స్త్రీవైద్య నిపుణుల సంఘం ఏసీఓజీ సూచిస్తుంది. అది అందరికీ వీలు కాకపోవచ్చు. అయితే ఇప్పుడు చెప్పబోయే వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వాయిదా వేయవద్దు.

13 ఏళ్లు నిండినా రొమ్ముల ఎదుగుదల మొదలుకాకపోవడం, ఎదుగుదల మొదలై మూడేళ్లు దాటినా నెలసరి రాకపోవడం, 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోవడం. ప్రతి నెలా పొత్తికడుపులో నొప్పి వస్తూ రక్తం మాత్రం కనిపించకపోతే అది కూడా చూపించుకోవలసిన విషయమే. కొందరిలో యోని ద్వారం దగ్గర ఉండే పలుచని కన్నెపొర పూర్తిగా మూసుకుని ఉండటం వల్ల రక్తం బయటికి రాలేక లోపలే నిలిచిపోతుంది. చిన్న శస్త్రచికిత్సతో అది సరవుతుంది.

నెలసరి మొదలైన వారిలో ఏది మామూలు, ఏది కాదు అన్న విషయంలో అనవసరపు భయం ఎక్కువ, అనవసరపు ధైర్యం కూడా ఎక్కువే. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి మొదటి రోజు వరకు లెక్కపెట్టాలి. సరిగ్గా 28 రోజులు రావాలని ఏమీ లేదు. మీ వయసు వారికి 21 నుంచి 45 రోజుల మధ్య ఎంత వచ్చినా మామూలే. మొదటి రెండు మూడేళ్లలో మెదడుకూ అండాశయాలకూ మధ్య నడిచే హార్మోన్ల సంకేతాలు ఇంకా కుదురుకోవు, చాలా నెలల్లో అండం విడుదల కాదు, అందుకే తేదీలు అటూ ఇటూ అవుతాయి. కానీ 90 రోజులు దాటిపోతే, అది ఒక్కసారే అయినా, డాక్టరుకు చూపించుకోవాలి.

రక్తస్రావం ఏడు రోజులు మించడం, గంటా రెండు గంటలకే ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, రాత్రి నిద్రలో లేచి మార్చుకోవలసి రావడం, పెద్ద గడ్డలు పడటం, మెట్లు ఎక్కితే ఆయాసం రావడం... వీటిని "నాకు ఇంతేలే" అని వదిలేయకు. మొదటి నెలసరి నుంచే ఇలా ఉంటే రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో వచ్చిన లోపం ఉండవచ్చు. 1924లో ఫిన్లాండ్‌లో ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ అనే వైద్యుడి దగ్గరికి ఐదేళ్ల పాపను తీసుకొచ్చారు. ఆమెకు రక్తం కారడం మొదలైతే ఒక పట్టాన ఆగేది కాదు. ఆ కుటుంబాన్ని పరిశీలించి ఆయన 1926లో ఆ జబ్బు గురించి ప్రచురించాడు, ఈ రోజు అది ఆయన పేరుతోనే ఉంది. ఆ పాప మాత్రం రజస్వల అయ్యాక, తన నాలుగో నెలసరిలో రక్తస్రావం ఆగక చనిపోయింది. ఇది నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇప్పుడు ఆ జబ్బును రక్తపరీక్షలతో గుర్తించవచ్చు, మందులు ఉన్నాయి. కానీ పళ్లు తోమినప్పుడు చిగుళ్ల నుంచి రక్తం రావడం, ముక్కు నుంచి తరచూ కారడం, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోవడం కూడా ఉన్నాయని నువ్వు చెబితేనే డాక్టరుకు ఆ ఆలోచన వస్తుంది.

ఇక నొప్పి. "ఆడపిల్లలందరికీ ఉండేదే, ఓర్చుకో" అన్న మాట నాకు అస్సలు నచ్చదు. కాస్త నొప్పి మామూలే. గర్భాశయం లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారై కండరాన్ని గట్టిగా ముడుచుకునేలా చేస్తాయి, ఆ ముడుచుకోవడమే నొప్పి. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటి మందులు ఆ రసాయనాల తయారీనే తగ్గిస్తాయి కాబట్టి నొప్పి ముదిరాక కంటే మొదలవుతుండగానే, ఏదైనా తిన్న తర్వాత వేసుకుంటే బాగా పనిచేస్తాయి. నీకు ఏది సరిపోతుందో, ఎంత వేసుకోవాలో డాక్టరును అడిగి తెలుసుకో. నెలనెలా బడి మానేయవలసి వస్తున్నా, వాంతులవుతున్నా, కొన్ని నెలలు మందు సరిగ్గా వాడినా తగ్గకపోయినా దాని వెనక ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది గర్భాశయం బయట పెరగడం) లాంటి కారణం ఉందేమో చూడాలి. ఆ జబ్బు పెద్దవాళ్లకే వస్తుందని అనుకునేవారు. టీనేజీ అమ్మాయిలకూ వస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడనే వద్దు. పొత్తికడుపులో ఒక పక్క ఉన్నట్టుండి భరించలేని నొప్పి, దానితోపాటు వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండవచ్చు. దానికి రక్తం అందడం ఆగిపోతుంది. గంటలు గడిచేకొద్దీ అండాశయాన్ని కాపాడే అవకాశం తగ్గుతుంది. వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.

వెళ్లే ముందు

ఒక చిన్న నోటుబుక్కు తీసుకో. ఫోనులో రాసుకున్నా ఫరవాలేదు, కానీ కాగితం అయితే చేతికి ఇవ్వవచ్చు. గడచిన మూడు నెలసరులు ఏ తేదీన మొదలై ఏ తేదీన ఆగాయి, ఎక్కువగా అయిన రోజు ఎన్ని ప్యాడ్లు మార్చావు, నొప్పి పదికి ఎంత, ఎన్ని రోజులు బడి పోయింది, ఇవి రాయి. "ఎక్కువగా అవుతోంది" అంటే డాక్టరుకు అంతగా అర్థం కాదు. "రెండో రోజు తొమ్మిది ప్యాడ్లు, రాత్రి రెండుసార్లు లేచాను" అంటే వెంటనే అర్థమవుతుంది. ఇప్పుడు వాడుతున్న మందులు, పడని మందులు, వేసుకున్న టీకాల వివరాలు కూడా చేర్చు. అమ్మకు, అమ్మమ్మకు, నాన్న వైపు వారికి థైరాయిడ్, మధుమేహం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ లాంటివి ఉన్నాయేమో ఇంట్లో అడుగు. నీకు కళ్ల ముందు మెరుపులతో మొదలయ్యే మైగ్రేన్ తలనొప్పి ఉంటే అదీ రాయి, ఎందుకంటే కొన్ని హార్మోను మాత్రలు అలాంటివారికి ఇవ్వరు.

తర్వాత నీ ప్రశ్నలు రాసుకో. వాటిలో అడగడానికి అన్నిటికంటే సిగ్గేసే ప్రశ్న ఏదో దాన్నే మొదట పెట్టు. చివర్లో అడుగుదాం అనుకుంటే ఆ చివర రాదు, అమ్మ సంచి సర్దుకుని లేచి నిలబడుతుంది. నోటితో అడగలేకపోతే కాగితం ముందుకు జరుపు, డాక్టరే చదువుకుంటారు.

మహిళా డాక్టరు కావాలనుకుంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పవచ్చు. అది తప్పు కాదు, వింత కోరికా కాదు. వదులుగా, పైదీ కిందదీ విడివిడిగా ఉండే బట్టలు వేసుకుంటే పొట్ట చూడాలన్నా అంతా విప్పవలసిన పని ఉండదు. వెంట్రుకలు తీయవలసిన అవసరం లేదు. మామూలుగా స్నానం చేస్తే చాలు. యోని లోపల సబ్బుతోగానీ, సువాసన ద్రావణాలతోగానీ కడగకూడదు. అది తనను తానే శుభ్రం చేసుకుంటుంది, అలా కడిగితే లోపల ఉండే మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది. ఆ రోజే నెలసరి వస్తే? ముందు ఫోన్ చేసి అడుగు, చాలాసార్లు రమ్మనే అంటారు. స్కానింగ్ ఉంటుందంటే మూత్రం నిండుగా ఉండాలా అని కూడా అప్పుడే కనుక్కో.

ఇంటి దగ్గరే అమ్మతో ఒక మాట అనుకుని వెళ్లడం చాలా మంచిది. "అమ్మా, నువ్వు నాతో లోపలికి రా. కానీ జవాబులు నేనే చెబుతాను. నేను మర్చిపోయినవి నువ్వు చెప్పు. చివర్లో డాక్టరు నాతో ఒక్కదానితో మాట్లాడతానంటే కాసేపు బయట కూర్చుంటావా?" ఇలా ముందే అడిగితే అమ్మ నొచ్చుకోదు. ఇది చదువుతున్నది అమ్మే అయితే ఆమెకు నా విన్నపం: అమ్మా, ఆ పది నిమిషాలు బయట కూర్చోండి. మీ బిడ్డ మీ దగ్గర ఏదో దాస్తోందని దానికి అర్థం కాదు. తన ఒంటి గురించి తానే చెప్పుకోవడం ఆమె నేర్చుకుంటోంది.

గదిలో

మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: చివరి నెలసరి ఏ తేదీన మొదలైంది? నోటుబుక్కు తెరువు. అక్కడి నుంచి మిగతావి వస్తాయి. నిద్ర, ఆకలి, బరువు మార్పులు, ఆటలు, వ్యాయామం, మనసు ఎలా ఉంటోంది అని అడుగుతారు. బాగా తక్కువ తినడం, మితిమీరిన వ్యాయామం, తీవ్రమైన ఒత్తిడి కూడా నెలసరిని ఆపేస్తాయి కాబట్టే ఇవన్నీ. పొగ, మద్యం గురించి, ఎవరితోనైనా శారీరక సంబంధం ఉందా అన్న విషయం గురించి కూడా అడగవచ్చు. నిన్ను అనుమానించి అడగడం లేదు, ఆ కుర్చీలో కూర్చున్న అందరినీ అడుగుతారు. కొన్ని మందులు, కొన్ని పరీక్షలు ఆ జవాబును బట్టే నిర్ణయమవుతాయి. నిజం చెప్పు.

నిజం చెప్పే ముందు నువ్వు ఒక ప్రశ్న అడగవచ్చు, అడగాలి కూడా: "నేను చెప్పేది మీ దగ్గరే ఉంటుందా, ఇంట్లో చెబుతారా?" సాధారణంగా డాక్టరు గోప్యంగానే ఉంచుతారు. నీ ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, ఎవరైనా నిన్ను హింసిస్తున్నప్పుడు మాత్రం ఇతరులకు చెప్పక తప్పదు. మైనరు విషయంలో ఏవి తెలియజేయాలన్నది ఒక్కో దేశపు చట్టంలో ఒక్కోలా ఉంటుంది. అందుకే ముందే అడిగి, ఆ జవాబు విని, ఆ తర్వాత మాట్లాడు.

"అక్కడ మంట", "కింద నొప్పి" అంటే డాక్టరు ఇంకో నాలుగు ప్రశ్నలు వేయవలసి వస్తుంది. కాళ్ల మధ్య మూడు ద్వారాలు ఉంటాయి. ముందున్న చిన్నది మూత్రం వచ్చేది, మధ్యలోది నెలసరి రక్తం వచ్చే యోని, వెనకది మలద్వారం. బయటికి కనిపించే పెదవుల్లాంటి భాగాలు ఒక్కొక్కరిలో ఒక్కో ఆకారంలో, ఒక్కో రంగులో ఉంటాయి, రెండు వైపులా సమానంగా ఉండకపోవడం కూడా మామూలే. మూత్రం పోసేటప్పుడు మంటా, బయట చర్మం మీద దురదా, లోపల నొప్పా అని విడదీసి చెబితే సగం పని అయిపోతుంది. తెల్లబట్ట గురించి చాలామంది భయపడతారు. పారదర్శకంగానో, పాలవంటి తెలుపులోనో, ఘాటైన వాసన లేకుండా అవుతుంటే అది శరీరం తన పని తాను చేసుకోవడమే. విరిగిన పాలలా గడ్డలుగా ఉండి విపరీతమైన దురద పెడుతున్నా, ఆకుపచ్చగా ఉన్నా, దుర్వాసన వస్తున్నా చెప్పాలి. వాటికి చికిత్స ఉంది, అయితే దేనికి ఏ మందో చూసి ఇవ్వాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుంటే అసలు జబ్బు మరుగున పడవచ్చు.

పరీక్షించేటప్పుడు

పొట్ట మీద చేత్తో నొక్కి చూడటం మామూలుగా జరిగేదే. బయట దురదో, గడ్డో ఉందని నువ్వు చెబితే ఆ భాగాన్ని పైనుంచి చూడవచ్చు. అప్పుడు నీ మీద దుప్పటి కప్పి, చూడవలసినంత మేరకే తీస్తారు. పక్కన అమ్మో, ఒక నర్సో ఉండాలని నువ్వు అడగవచ్చు. ఎప్పుడైనా సరే "ఆపండి" అంటే ఆపాలి. ఆ మాట అనడానికి కారణం చెప్పవలసిన పని లేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే పరీక్ష నీ వయసుకు వర్తించదు. కొన్ని దేశాల్లో అది 21 ఏళ్లకు, కొన్నిట్లో 25కు మొదలవుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణంగా 30 నుంచి చేయమంటుంది. స్కానింగ్ అవసరమైతే పొట్ట మీద చల్లటి జెల్ రాసి, దాని మీద చిన్న పరికరాన్ని జరుపుతూ చూస్తారు. నొప్పి ఉండదు, నిండిన మూత్రాశయం మీద నొక్కినప్పుడు కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అంతే. యోని ద్వారా చేసే స్కానింగ్ కూడా ఉంది. శారీరక సంబంధం లేని అమ్మాయిలకు మామూలుగా అది చేయరు. ఎవరైనా అదే చేద్దామంటే పొట్ట మీద నుంచి చేయడం కుదరదా అని అడుగు.

కన్నెపొరను చూసి ఒక అమ్మాయికి శారీరక సంబంధం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. అలా చెప్పగలమనే పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదు. అలాంటి పరీక్షలను పూర్తిగా ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరో రెండు ఐక్యరాజ్యసమితి సంస్థలు 2018 అక్టోబరులో కలిసి పిలుపునిచ్చాయి. ఎవరు అడిగినా, ఇంట్లోవారే అడిగినా, నువ్వు వద్దనవచ్చు. డాక్టరు దానికి ఒప్పుకోకూడదు.

రక్తపరీక్ష రాస్తే హిమోగ్లోబిన్ అంకె నువ్వే చూడు. డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత. శరీరంలో ఇనుము నిల్వ ఎంత ఉందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా అవసరమా అని అడుగు. హిమోగ్లోబిన్ పడిపోకముందే ఆ నిల్వ అడుగంటవచ్చు.

డాక్టరు చెప్పింది విన్నాక

స్కానింగ్ రిపోర్టులో అండాశయాల్లో చిన్న బుడగలు ఎక్కువగా ఉన్నాయని కనిపించగానే పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ల సమస్య వచ్చేసిందని ఏడ్చిన అమ్మాయిలు ఎందరో. ఆ బుడగలు అండాలు పెరిగే సంచులు. నీ వయసులో అవి ఎక్కువగా కనిపించడం సహజం. అందుకే 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు రజస్వల అయిన 8 ఏళ్ల లోపు స్కానింగును బట్టి పీసీఓఎస్ నిర్ధారించవద్దని చెబుతున్నాయి. ఆ వయసులో చూడవలసినవి క్రమం తప్పిన నెలసరి, అవాంఛిత రోమాలు, తీవ్రమైన మొటిమలు లేదా రక్తంలో పెరిగిన మగ హార్మోన్లు. నెలసరి సక్రమంగా ఉండి స్కానింగులో మాత్రమే బుడగలు ఉన్నాయంటే, "దేన్ని బట్టి పీసీఓఎస్ అంటున్నారు డాక్టరు గారూ?" అని మర్యాదగానే అడుగు.

అధిక రక్తస్రావానికో, భరించలేని నొప్పికో హార్మోను మాత్రలు రాయవచ్చు. అవి గర్భనిరోధక మాత్రలు కూడా కాబట్టి ఇంట్లో కంగారు పడతారు. ఇక్కడ వాటిని ఇచ్చేది నెలసరిని అదుపులో పెట్టడానికి. ఎన్నాళ్లు వాడాలి, ఒకరోజు మరిచిపోతే ఏం చేయాలి, ఏ లక్షణం వస్తే వెంటనే ఫోన్ చేయాలి అని అడిగి రాసుకో. డాక్టరు చెప్పినదంతా నీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పి సరేనా అని అడిగితే పొరపాటు అక్కడికక్కడే తేలిపోతుంది.

హెచ్‌పీవీ అనే వైరస్ నుంచి కాపాడే టీకా వేసుకోకపోయి ఉంటే ఈ రోజే అడుగు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరులో దాదాపు అన్ని కేసులకూ ఆ వైరసే కారణం. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేసుకోవడం అన్నిటికంటే మేలు, 15 దాటినా ఆలస్యమైపోలేదు. ఎన్ని డోసులన్నది నీ వయసును, మీ దేశపు విధానాన్ని బట్టి ఉంటుంది.

ఎవరైనా నీ ఇష్టానికి వ్యతిరేకంగా నీ ఒంటి మీద చెయ్యి వేసి ఉంటే, బలవంతం చేసి ఉంటే, తప్పు నీది కాదు. డాక్టరుతో చెప్పు. జరిగి కొద్ది గంటలో, రోజులో అయి ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే అత్యవసర మందు ఐదు రోజుల వరకు పనికొస్తుంది, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. వీలైతే ముందు స్నానం చేయకుండా, ఆ బట్టలు ఉతకకుండా వెళ్తే ఆధారాలు మిగులుతాయి. స్నానం చేసేసి ఉన్నా సరే, వెళ్లు.

డాక్టరు నీ మాట వినకుండా కసురుకున్నా, నొప్పిని తేలిగ్గా కొట్టిపారేసినా ఇంకొకరి దగ్గరికి వెళ్లవచ్చు. ఒక్క మనిషి ప్రవర్తన చూసి చికిత్సే మానుకోకు. రిపోర్టుల నకళ్లు, మందుల చీటీ నీ దగ్గర ఉంచుకుంటే కొత్తచోట మళ్లీ మొదటి నుంచి పరీక్షలు చేయించుకోవలసిన అవసరం ఉండదు. మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి, బయటికి వచ్చేలోగా ఆ తేదీని నోటుబుక్కులో రాసుకో. దాని కింద కొంచెం ఖాళీ వదిలిపెట్టు. ఈలోగా వచ్చే నెలసరి మొదటి రోజు, ప్యాడ్ల లెక్క, మందు వేసుకున్నాక నొప్పి పదికి ఎంతకు దిగింది అన్నవి అక్కడ రాయాలి.